మూడు వేదికలకు ఒకే లాగిన్: ఖాతాలను ఎక్కడ కలపాలి, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. విశాఖపట్నంలో ఇంటింటికీ మందులు చేరవేసే మీ సంస్థ, ఒక రక్తపరీక్షల ల్యాబునూ, డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇప్పించే మరో సంస్థనూ తనలో కలుపుకుంది. మందుల యాప్‌లోకి ఫోను నంబరు, ఓటీపీతోనూ, అపాయింట్‌మెంట్ల వెబ్‌సైటులోకి ఈమెయిలు, పాస్‌వర్డుతోనూ, ల్యాబు పోర్టల్లోకి రసీదు మీద అచ్చువేసిన పేషెంట్ ఐడీతోనూ జనం వెళ్తున్నారు. మూడు నెలల్లో ఒకే లాగిన్ రావాలని యాజమాన్యం గడువు పెట్టింది. డిజైనర్ కొత్త తెర గీసి ఇచ్చేశారు. ఫోను నంబరు కలిసిన ఖాతాలన్నిటినీ ఒక శనివారం రాత్రి స్క్రిప్టు నడిపి కలిపేస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

సరిపోదు. ఫోను నంబరును లాగిన్‌కు వాడుకోవడంలో తప్పు లేదు. నంబరు ఒకటే కాబట్టి మనిషి కూడా ఒకరే అని మనంతట మనం తేల్చేయడంలోనే ప్రమాదం ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి విలీనాలు నాలుగు దగ్గరుండి చూశాను. గడువు తప్పిన సందర్భాలను అందరూ మర్చిపోయారు గానీ, ఒకరి రిపోర్టు మరొకరి ఫోనులో కనిపించిన సందర్భాన్ని మాత్రం ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటారు.

యాజమాన్యం ‘ఒకే లాగిన్’ అన్నప్పుడు ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు కోరికలు ఇమిడి ఉంటాయి. లోపలికి వెళ్లే ద్వారం ఒకటే కావాలన్నది మొదటిది. ఒక మనిషికి మూడు చోట్ల ఉన్న ఖాతాలు ఒకరివేనని సంస్థకు తెలియాలన్నది రెండోది. ఆ ఖాతాల వెనుక ఉన్న ఆర్డర్లు, రిపోర్టులు, డాక్టరు రాసిన మందుల చీటీలు అన్నీ ఒకే చోట కనిపించాలన్నది మూడోది. మొదటిది ఇంజనీర్ల పని, మూడు నెలల్లో అవుతుంది. రెండోది ఖాతాదారు స్వయంగా ఒప్పుకుని, రుజువు చూపితే తప్ప కాదు, కాబట్టి దానికి ఏడాది పైనే పడుతుంది. మూడోది కొన్ని విషయాల్లో అసలు చేయకపోవడమే మంచిది. ఈ మూడింటినీ విడదీసి యాజమాన్యానికి ఒక పేజీలో రాసి ఇవ్వండి. గడువు మీద జరిగే గొడవలో సగం అక్కడే తీరిపోతుంది.

బ్యాంకు విలీనాన్ని గుర్తుచేస్తే వాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. చట్టం దృష్టిలో ఆ ఒక్క రోజులోనే రెండు సంస్థలూ ఒకటయ్యాయి. బోర్డులు, పాసుపుస్తకాలు, ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ల స్థానంలో యూబీఐఎన్‌తో మొదలయ్యేవి మాత్రం ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా వచ్చాయి. పింఛను తీసుకునే పెద్దాయన కంఠస్థం చేసుకున్న ఖాతా నంబరు మాత్రం అలాగే ఉండిపోయింది. బోర్డు మారిన రోజునే జనం గుర్తుపెట్టుకున్నది కూడా మార్చమని అడగకూడదు. మీ ల్యాబు పేషెంట్ ఐడీల విషయంలో మీరు పాటించవలసిన పద్ధతి ఇదే.

ఇక ఫోను నంబరు సంగతి. కొన్నేళ్ల కిందట, పేరు చెప్పడం భావ్యం కాని ఒక సంస్థలో, సరిగ్గా మీరు అనుకుంటున్న పద్ధతిలోనే ఖాతాలు కలిపాం. ఆ స్క్రిప్టు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సోమవారం ఉదయం గాజువాక నుంచి ఒకాయన హెల్ప్‌డెస్క్‌కు ఫోను చేసి, తన యాప్‌లో ఎవరో స్త్రీ గర్భనిర్ధారణ పరీక్ష ఫలితం కనిపిస్తోందని, అప్పటికే ఇంట్లో పెద్ద గొడవ అయిందని చెప్పారు. వెతికితే, ఆ నంబరు కొంతకాలం కిందటి వరకూ ఆమెదేననీ, ఆమె రీఛార్జి మానేశాక టెలికాం కంపెనీ దాన్ని ఈయనకు ఇచ్చిందనీ తేలింది. ఇందులో టెలికాం కంపెనీ తప్పేమీ లేదు. వాడకం ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల వరకూ మరొకరికి కేటాయించరాదన్నదే నిబంధన, ఈ మాటను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. 90 రోజులు దాటిన నంబరుకు పాత యజమానితో సంబంధం ఉండదని తెలుసుకోవలసింది మేము. ఆ రెండు రికార్డులను మళ్లీ విడదీయడానికి మాకు పదకొండు రోజులు పట్టింది, ఎందుకంటే కలిపేటప్పుడు డేటాబేసులోని పాత వరుసలను తెలివితక్కువగా చెరిపేశాం.

నంబరు చేతులు మారడం ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఉండడం మన దగ్గర మరింత మామూలు విషయం. కంచరపాలెంలోనో పెందుర్తిలోనో ఒక శాంపిల్ సేకరణ కేంద్రంలో కూర్చున్న కుర్రవాడు, వచ్చినవారికి ఫోను లేకపోతే వెంట వచ్చినవారి నంబరు, వారికీ గుర్తులేకపోతే ఆటో డ్రైవరు నంబరు కూడా రాసి పంపేస్తాడు. అతణ్ణి తప్పుపట్టలేం, ఆ గడి నింపకపోతే సాఫ్ట్‌వేర్ రసీదు ఇవ్వదు. అందుకే మీ మూడు డేటాబేసుల్లో ఉన్న ఫోను నంబర్లన్నీ ఒకే బరువు గలవి కావు. మందుల యాప్‌లో నిన్న ఓటీపీ కొట్టిన నంబరుకు ఉన్న బలం, ల్యాబు కౌంటరులో 2019లో ఎవరో టైపు చేసిన నంబరుకు ఉండదు. ప్రతి నంబరు పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఎక్కించారు, చివరిసారి ఓటీపీతో ఎప్పుడు నిర్ధారణ అయింది అన్న మూడు వివరాలు లేకపోతే ఆ నంబరును దేనికీ ఆధారంగా తీసుకోకండి.

పేరు, పుట్టిన తేదీ కూడా కలిపి చూస్తాం కదా అని మీ టీములో ఎవరైనా అనవచ్చు. ఉత్తరాంధ్రలో ఆ మాట అనేవారు సింహాచలం కొండ మీది దేవుడు సింహాద్రి అప్పన్నను, ఆయన పేరు పిల్లలకు పెట్టుకునే అలవాటును మరిచిపోయినట్టే. అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పారావులు, అప్పలనరసమ్మలు వీధికి ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కరలేదు, పైగా సింహాచలం అన్న పేరు మగవారికీ ఉంటుంది, ఆడవారికీ ఉంటుంది. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఒకే ఇంట్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే ఫోను నంబరు మీద ఇద్దరు అప్పలనాయుళ్లు దొరకడం వింతేమీ కాదు. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక గుమాస్తా ఒకలా, మరో గుమాస్తా మరోలా రాస్తారు. పెద్దవాళ్ల పుట్టిన తేదీల్లో చాలావరకూ బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసినవే. ఇలాంటి మూడు బలహీనమైన ఆధారాలను కలిపినంత మాత్రాన ఒక బలమైన ఆధారం పుట్టదు. ఖాతాలు కలపవలసి ఉండీ కలపకపోతే ఖాతాదారుకు కొంత చిరాకు కలుగుతుంది, రెండుసార్లు లాగిన్ కావలసి వస్తుంది. కలపకూడనివి కలిపేస్తే ఒక రోగి గుట్టు బయటపడుతుంది, ఒక్కోసారి ఒకరి రక్తపు గ్రూపు మరొకరి చీటీలోకి వెళ్తుంది. ఈ రెండు పొరపాట్లనూ ఒకే తక్కెడలో వేసి ‘ఇంత శాతం కచ్చితత్వం’ అని లెక్క చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మకందారులు మీ దగ్గరకు వస్తారు. టీ ఇచ్చి పంపించండి.

మరి ఏం చేయాలి? మూడు డేటాబేసుల్లో దేన్నీ కదిలించకుండా, వాటి పైన ఒక కొత్త పట్టిక పెట్టండి. అందులో లాగిన్ అయ్యే ప్రతి మనిషికీ ఒక అర్థంలేని పొడవాటి గుర్తింపు సంఖ్య ఉండాలి. అది ఫోను నంబరు కాకూడదు, ఈమెయిలు కాకూడదు, పేషెంట్ ఐడీ అసలే కాకూడదు, ఎందుకంటే అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మారేవే లేదా చేతులు మారేవే. ఫోను, ఈమెయిలు ఆ సంఖ్యకు తగిలించిన తాళం చెవులు మాత్రమే, ఒకరికి ఎన్నైనా ఉండవచ్చు, పోయిన దాన్ని తీసేయవచ్చు. పాత ఖాతాలు మూడూ ఆ సంఖ్య కింద లింకులుగా వేలాడతాయి. లింకు వేసినప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏ రుజువుతో వేశారో నమోదు కావాలి, లింకు తెంచినప్పుడు పాత ఖాతా ఏ నష్టమూ లేకుండా యథాస్థితికి రావాలి. మేము పదకొండు రోజులు పడిన పాట్లు, ఈ ఏర్పాటు ఉంటే పది నిమిషాల్లో తీరేవి.

లింకు వేసే అధికారం స్క్రిప్టుకు కాక ఖాతాదారుకే ఇవ్వాలి. ఆమె మందుల యాప్‌లో మామూలుగా లాగిన్ అయ్యాక, ఇలా ఒక చిన్న పట్టీ కనిపిస్తే చాలు: ‘ల్యాబు రిపోర్టులు కూడా ఇక్కడే చూసుకోవచ్చు. మీ ల్యాబు ఖాతాను జతచేయాలా? ఇప్పుడు వద్దనుకుంటే వదిలేయండి, మీ మందుల ఆర్డర్లకు ఏ ఆటంకమూ ఉండదు.’ ఆమె ఒప్పుకుంటే ల్యాబు ఖాతా కూడా తనదేనని చూపించాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పేషెంట్ ఐడీ రసీదు మీద అందరికీ కనిపించేలా అచ్చయి ఉంటుంది, చాలా ల్యాబుల్లో అది వరుస సంఖ్యే కాబట్టి పక్కవారిది ఊహించడం కష్టం కాదు. కనుక దాన్ని పాస్‌వర్డులా చూడకండి. పేషెంట్ ఐడీతో పాటు పుట్టిన సంవత్సరం అడగాలి, ల్యాబు రికార్డులో ఉన్న నంబరుకు ఓటీపీ వెళ్లాలి. మందుల యాప్‌లోనూ ల్యాబులోనూ నంబరు ఒకటే అయినా సరే, ఓటీపీ ఒక్కదానితో సరిపెట్టవద్దు: ఆ నంబరు ఇవాళ ఎవరి చేతిలో ఉందో ఓటీపీ చెబుతుంది గానీ, నాలుగేళ్ల కిందటి రిపోర్టు ఎవరిదో చెప్పదు. ఐదుసార్లు తప్పు కొడితే ఆ రోజుకు ఆపేయాలి. ల్యాబులో ఉన్న నంబరు ఎప్పుడో పోయిందనే వారికి, గుర్తింపు కార్డు పట్టుకుని దగ్గరలోని సేకరణ కేంద్రానికి వెళ్లే దారి ఒకటి తెరిచి ఉంచాలి. ఆ కేంద్రంలోని ఉద్యోగికి నంబరు మార్చే అధికారం ఉన్నా, రిపోర్టు తెరిచి చూసే అధికారం ఉండకూడదు.

లాగిన్ అయ్యే మనిషి, రోగి వేర్వేరు అన్న సంగతిని మీ డిజైనర్ గీసిన తెర ఎక్కడా గుర్తించినట్టు లేదు. ఎంవీపీ కాలనీలో ఉండే తల్లిదండ్రుల మందులు, పరీక్షలు అన్నీ బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉన్న కూతురు తన ఫోను నుంచి నడిపిస్తుంది. ఆమె ఖాతా కింద తండ్రి, తల్లి, అత్తగారు వేర్వేరు రోగులుగా, ఎవరి రిపోర్టులు వారికే ఉండేలా అమర్చాలి, పాత ల్యాబు రికార్డులు లాగిన్‌కు కాక ఆ రోగికి అతకాలి. తండ్రి ఏదో ఒక రోజు సొంతంగా లాగిన్ తెరుచుకుంటే తన భాగాన్ని తాను తీసుకునే వీలుండాలి, కూతురికి చూసే అనుమతి ఉంచాలో తీసేయాలో ఆయనే నిర్ణయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా అయిన ఆభా కూడా ఇదే వాస్తవాన్ని ఒప్పుకుంది: 14 అంకెల ఆభా నంబరు మనిషికొకటి, కానీ ఒకే ఫోనుకు ఒకటికి మించిన ఆభా నంబర్లను జతచేసుకోవచ్చు. రోగి తానుగా ఇస్తే ఆభా నంబరును తీసుకోండి, రికార్డులు కలపడానికి అది బాగా ఉపకరిస్తుంది. అది లేనిదే లాగిన్ ఇవ్వమని మాత్రం షరతు పెట్టవద్దు.

ద్వారం కట్టే పనికి వస్తే, మూడు వేదికల లాగిన్ పేజీలనూ ఒకే రంగులోకి మార్చి, వెనుక మూడు వ్యవస్థలు విడివిడిగా నడపడం ఒక ప్రలోభం. దాని జోలికి పోకండి. లాగిన్‌కు సొంతంగా ఒక చిరునామా, అంటే మీ ప్రధాన డొమైన్ కింద ఒక ఉపడొమైన్ పెట్టి, పాస్‌వర్డు, ఓటీపీ అడిగే హక్కు ఆ ఒక్క పేజీకే ఇవ్వాలి. మూడు వేదికలూ ఖాతాదారును అక్కడికి పంపి, టోకెన్, అంటే లాగిన్ అయ్యారని ధ్రువీకరించే డిజిటల్ పత్రం, తీసుకుని వెనక్కి రప్పించుకోవాలి. దీనికి 2014లో ఖరారైన ఓపెన్ ఐడీ కనెక్ట్ అనే లాగిన్ ప్రమాణం చాలు. అది 2012 నాటి ఓఆత్ 2.0 అనే అనుమతుల ప్రమాణం మీద కట్టినది, అన్ని ప్రధాన ప్రోగ్రామింగ్ భాషల్లోనూ పరీక్షకు నిలిచిన లైబ్రరీలు ఉన్నాయి. మీ ల్యాబు సాఫ్ట్‌వేర్ పాతదై, 2005 నాటి ఎస్‌ఏఎంఎల్ 2.0 అనే లాగిన్ ప్రమాణం తప్ప మరొకటి ఎరగకపోతే, దాని కోసం ఒక అనువాద పొర పెట్టవచ్చు. మంచి ఐడెంటిటీ సర్వర్లు, అంటే లాగిన్లు చూసుకునే సర్వర్లు, రెండూ మాట్లాడతాయి. సొంతంగా టోకెన్ పద్ధతి కనిపెడదామని ఎవరైనా ఉత్సాహపడితే గట్టిగా ఆపండి.

మూడు డొమైన్లు వేర్వేరుగా ఉన్నంత కాలం ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఒక వేదికలో లాగిన్ అయితే మిగతా రెండింటికీ తెరవెనుక నిశ్శబ్దంగా తెలియజేయడానికి, కనిపించని ఫ్రేమ్‌లో లాగిన్ పేజీని తెరిచే పాత కిటుకు ఒకటి ఉండేది. 2020 మార్చి నుంచి సఫారీ ఇతర డొమైన్ల కుకీలను, అంటే సైట్లు బ్రౌజరులో దాచుకునే చిన్న గుర్తులను, పూర్తిగా అడ్డుకుంటోంది, ఫైర్‌ఫాక్స్ కూడా వాటిని డొమైనుకొక డబ్బాలో విడిగా పెడుతోంది. ఐఫోనులో మీ వెబ్‌సైటు మాటిమాటికీ లాగిన్ అడుగుతోందన్న ఫిర్యాదు వస్తే కారణం ఇదే. పేజీ మొత్తాన్ని లాగిన్ చిరునామాకు పంపి క్షణంలో వెనక్కి తెచ్చే పద్ధతి ఒక్కటే నమ్మదగినది. మొబైల్ యాప్‌లలో కూడా, వెబ్‌వ్యూలో, అంటే యాప్‌లోనే ఇమిడిన చిన్న బ్రౌజరులో, లాగిన్ పేజీ తెరవకుండా ఫోను బ్రౌజరు ద్వారానే తెరవాలని 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8252 చెబుతోంది. డిజైనర్లకు ఇది నచ్చదు, తెర ఒక్క క్షణం మారుతుందని బాధపడతారు. అయినా మూడు యాప్‌ల మధ్య లాగిన్ ఒకటే కావాలంటే ఆ బ్రౌజరులోని సెషనే, అంటే లాగిన్ కొనసాగుతున్న స్థితే, ఉమ్మడి ఆస్తి.

ఒకసారి లాగిన్ అయ్యాక అన్ని గదుల తలుపులూ బార్లా తెరిచి ఉంచనక్కరలేదు. మందులు వెతకడానికి, పాత ఆర్డరు మళ్లీ పెట్టడానికి నెలల తరబడి సెషన్ ఉన్నా ఫర్వాలేదు. రిపోర్టు తెరవడానికి, ఫోను నంబరు మార్చడానికి, కొత్త ఖాతా జతచేయడానికి మాత్రం గత పది నిమిషాల్లో రుజువు చూపి ఉండాలి, లేకపోతే మళ్లీ అడగాలి. లాగౌట్ అంటే ఏమిటో కూడా ముందే నిర్ణయించుకోండి. ద్వారకానగర్‌లోని జిరాక్సు షాపులో రిపోర్టు ప్రింటు తీయించుకున్న మనిషి లాగౌట్ నొక్కి వెళ్లాడంటే మూడు చోట్లా బయటపడ్డానని అనుకుంటాడు. ఒక్క ల్యాబు పోర్టల్లోనే సెషన్ ముగిసి, కేంద్ర సెషన్ బతికి ఉంటే, తర్వాత కూర్చున్నవాడు ‘లాగిన్’ నొక్కగానే నేరుగా లోపలికి వెళ్లిపోతాడు.

పాస్‌వర్డులున్నది అపాయింట్‌మెంట్ల వేదిక ఒక్కదానిలోనే కాబట్టి మీ పని కొంత తేలిక. ఒకే రోజు అందరి చేతా పాస్‌వర్డు మార్పించకండి. ఆ వారంలో మోసగాళ్లు పంపే నకిలీ లింకులకూ మీ అసలు లింకులకూ తేడా తెలియక జనం రెండూ నొక్కుతారు. పాత డేటాబేసులో పాస్‌వర్డుల హ్యాష్‌లు, అంటే వెనక్కి విప్పలేని గుప్తరూపాలు, బీక్రిప్ట్ అనే బలమైన పద్ధతిలో ఉంటే యథాతథంగా తెచ్చుకోవచ్చు. దురదృష్టవశాత్తూ ఎండీ5 అనే బలహీనమైన పాత పద్ధతిలో ఉంటే, ఆ హ్యాష్‌నే లోపల పెట్టి దాని మీద బీక్రిప్ట్ లేదా ఆర్గాన్2 తొడుగు ఇవాళే వేసేయండి. మనిషి తర్వాతిసారి లాగిన్ అయినప్పుడు అసలు పాస్‌వర్డు చేతికి వస్తుంది కనుక, అప్పుడు నేరుగా కొత్త హ్యాష్ కట్టి తొడుగు తీసేయవచ్చు. ఏడాది దాటినా రానివారి హ్యాష్‌లను తుడిచేసి, వారు ఎప్పుడైనా వస్తే ఈమెయిలు ద్వారా కొత్తది పెట్టుకోమనండి. ప్రతి మూడు నెలలకూ పాస్‌వర్డు మార్చాలన్న పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వద్దంది, ఈ విలీనం సాకుతో దాన్ని మళ్లీ తీసుకురాకండి.

ఓటీపీల విషయంలో సాంకేతికం కాని ఒక అడ్డంకి ఉంది, గడువులు ఎక్కువగా అక్కడే జారుతాయి. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ఎస్సెమ్మెస్ పంపే హెడరు (పంపినవారి పేరుగా కనిపించేది), సందేశం నమూనా రెండూ డీఎల్‌టీ అనే టెలికాం నమోదు వేదికలో ఒక సంస్థ పేరు మీద నమోదై ఉంటాయి. విలీనంతో ఆ సంస్థ ఉనికే మారినప్పుడు కొత్త నమోదు, కొత్త నమూనాలకు అనుమతి తీసుకోవాలి. సందేశంలో ఒక్క పదం నమూనాకు భిన్నంగా ఉన్నా ఎస్సెమ్మెస్ ఆగిపోతుంది. ఈ పనిని మొదటి వారంలోనే మొదలుపెట్టండి. కొత్త హెడరు వాడుకలోకి రావడానికి రెండు వారాల ముందు నుంచీ, పాత హెడరుతోనే ‘ఫలానా తేదీ నుంచి మా సందేశాలు ఈ పేరుతో వస్తాయి’ అని చెబుతూ ఉండండి.

అయితే ఓటీపీ ఒక్కదాని మీదే బరువంతా పెట్టకూడదని విశాఖవాసులకు వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో వైఫై పనిచేసినా, ఎస్సెమ్మెస్ మాత్రం రాదు. సరిగ్గా అలాంటి రోజున, ఇన్సులిన్ తీసుకునే మనిషికి తన చీటీ కావలసి వస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలకు మన ఎస్సెమ్మెస్‌లు అందడం మామూలు రోజుల్లోనే అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఈమెయిలు ఓటీపీ, ఫోనులోనే కోడ్ పుట్టించే ఆథెంటికేటర్ యాప్, పాస్‌వర్డు బదులు ఫోను లాకుతో పనిచేసే పాస్‌కీ వీటిలో కనీసం రెండైనా మొదటి రోజు నుంచే ఉంచండి. పాస్‌కీల గురించి ఒక హెచ్చరిక: పాస్‌కీ ఒక డొమైనుకు కట్టుబడి పుడుతుంది. ఇవాళ ల్యాబు డొమైను మీద పాస్‌కీలు పుట్టించి, ఏడాదికి ఆ డొమైనును మూసేస్తే అవన్నీ ఏ తాళానికీ పట్టని చెవులవుతాయి. లాగిన్ చిరునామా ఏ డొమైను కింద ఉండాలో, విలీన సంస్థ పేరేమిటో తేలిన తర్వాతే పాస్‌కీలు మొదలుపెట్టండి. పేరు ఇంకా తేలలేదని మీరు రాశారు, కాబట్టి ప్రస్తుతానికి ఆగడమే మేలు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, వివరాలకు మీ న్యాయవాది ఉన్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కోర్టు లేదా ట్రిబ్యునల్ ఆమోదించిన విలీనానికి అవసరమైన డేటా ప్రక్రియకు ఆ చట్టంలో కొంత మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును పట్టుకుని, మధుమేహ పరీక్ష చేయించుకున్న ప్రతివారికీ మందుల యాప్‌లో మధుమేహ మాత్రల ప్రకటనలు చూపుదామని మీ మార్కెటింగ్ విభాగం అడుగుతుంది. విలీనానికి అవసరమైనది వేరు, అమ్మకానికి పనికొచ్చేది వేరు. లాగిన్ ఒకటి అయినంత మాత్రాన సమ్మతి కూడా ఒకటి అయిపోదు కనుక, ప్రతి లింకు దగ్గరా ఏ వివరం ఎటు వెళ్తుందో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్పష్టంగా చెప్పి విడిగా అనుమతి తీసుకోండి.

తెర విషయానికి వస్తే, మీ డిజైనర్ పనిని నేను తక్కువ చేయడం లేదు. కానీ పాత సంస్థల పేర్లను పూర్తిగా తీసేయడం తొందరపాటు. 2005లో గాజువాక మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పటికీ అక్కడివారు ‘వైజాగ్ వెళ్లొస్తాం’ అనే అంటారు. జనం నోట పేరు మారడానికి ఒక తరం పడుతుంది. లాగిన్ పేజీలో కొత్త పేరు కింద ‘ఇంతకు ముందు ఈ మూడు సంస్థలు’ అని పాత గుర్తులు మూడూ కనీసం ఏడాదిన్నర ఉంచండి. మూడు బటన్లు పెట్టి ‘మీరు ఏ సంస్థ ఖాతాదారు?’ అని అడగకండి, చాలామందికి ఆ సంగతి గుర్తుండదు. ఒకే గడి పెట్టి ఫోను నంబరు, ఈమెయిలు, పేషెంట్ ఐడీ ఏది కొట్టినా తీసుకోండి, తర్వాత ఏ దారిన పంపాలో వ్యవస్థే చూసుకుంటుంది. ఆ నంబరుతో ఖాతా ఉన్నా లేకపోయినా తెర మీద ఒకే జవాబు రావాలి. లేకపోతే, పక్కింటివారు ఆ ల్యాబులో పరీక్ష చేయించుకున్నారో లేదో ఎవరైనా కనిపెట్టగలరు.

ఏమీ అడగకుండా గడువు పెట్టి బలవంతంగా మార్పిస్తే ఏమవుతుందో చూడాలంటే ఫొటోల సైటు ఫ్లికర్ ఉదాహరణ ఉంది. 2005లో దాన్ని కొన్న యాహూ, పాత సభ్యులందరూ ఇకపై యాహూ ఐడీతోనే లాగిన్ కావాలని 2007లో గడువు పెట్టగానే, అంతకు ముందు ఆ సైటును నెత్తిన పెట్టుకున్నవారే తిరగబడ్డారు. మైక్రోసాఫ్ట్ 2014లో మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట తయారీదారులైన మోజాంగ్‌ను కొన్నది. పాత ఖాతాలను మైక్రోసాఫ్ట్ ఖాతాలకు మార్చే సంగతి ప్రకటించింది 2020లో, ఆ మార్పిడి గడువు ముగిసింది 2023 సెప్టెంబరులో. అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉన్న సంస్థే దాదాపు మూడేళ్లు వ్యవధి ఇచ్చిందని మీ యాజమాన్యానికి చెప్పండి.

మూడు నెలల్లో మీరు నిజాయితీగా చూపించగలిగేది కూడా తక్కువేమీ కాదు. ఒకే లాగిన్ చిరునామా, దాని వెనుక మూడు వేదికలు, పాత తాళం చెవులన్నీ యథాతథంగా పనిచేయడం, కోరినవారికి ఖాతాలు జతచేసుకునే వీలు, అంతవరకూ సాధ్యమే. దాన్ని మొదట మీ సొంత ఉద్యోగుల మీద నడిపి చూడండి. వాళ్లూ మందులు కొంటారు, పరీక్షలు చేయించుకుంటారు, ఏది అర్థం కాకపోయినా మొహమాటం లేకుండా చెబుతారు. ఉద్యోగుల ఆఫీసు లాగిన్ల ఏకీకరణ మాత్రం ఇది కాదు, దాన్ని దీంతో కలపకండి. అక్కడ ఎవరు ఎవరో హెచ్‌ఆర్ రికార్డు చెబుతుంది, ఉద్యోగం మానేసినవారి ఖాతా ఆ సాయంత్రానికి మూతపడాలి. దాని నియమాలు వేరు, సర్వరు కూడా వేరుగా ఉంటే మంచిది.

రేపు ఆఫీసుకు వెళ్లగానే, స్క్రిప్టు రాయడానికి ముందు ఒక చిన్న లెక్క తీయించండి: మూడు డేటాబేసుల్లోనూ కలిపి, ఒకే ఫోను నంబరు మీద ఒకటి కంటే ఎక్కువ పేర్లున్న నంబర్లు ఎన్ని? వాటిలో గత ఏడాదిలో ఒక్కసారైనా ఓటీపీతో నిర్ధారణ కానివి ఎన్ని? శనివారం రాత్రి నడుపుదామనుకున్న ఆ స్క్రిప్టు తప్పుగా కలపగల ఖాతాలు చాలావరకూ ఆ రెండో అంకెలో ఉంటాయి. దాన్ని యాజమాన్యం ముందు పెట్టండి. అలాగే, డిజైనర్ గీసిన తెరలో ‘ఖాతాను జతచేయండి’ అన్న బటన్ పెద్దదిగా ఉంది, ‘ఇది నా ఖాతా కాదు’ అన్నది ఎక్కడా లేదు. దాన్ని కూడా అంతే పెద్దగా, పక్కనే పెట్టించండి, ఎవరైనా దాన్ని నొక్కితే ఆ లింకు వెంటనే తెగిపోయి, హెల్ప్‌డెస్క్‌లో ఒక మనిషికి కబురు వెళ్లేలా చూడండి.